మేడ మీద మూడాకుల చెట్టు

అద్దాల బాబాయ్‌ది కళ్ళజోళ్ళ దుకాణం. వీధిలో ఎవరి చూపు ఎంత మందగించిందో ఆయనకు కంఠతా వచ్చు. తన చూపు సంగతే ఆరేళ్ళపాటు తెలియలేదు. ఈ కథ కూడా దుకాణానికి వచ్చినవాళ్ళకు ఆయనే చెబుతాడు, ఇంకొకరు చెబితే తన తెలివితక్కువతనం సగమే బయటపడుతుందని.

వాళ్ళక్క పెరట్లో, కోస్తే లోపల ఎర్రగా ఉండే నారింజ చెట్టు ఒకటుండేది. ఆ చుట్టుపక్కల అలాంటిది మరొకటి లేదు. వేరు కుళ్ళి చెట్టు పోబోతుంటే, అక్క ఒక కొమ్మ కోసి తడిగుడ్డలో చుట్టి తమ్ముడి చేతిలో పెట్టింది. "ఒరేయ్, ఇక దీని వంశం నిలబెట్టేది నువ్వే" అంది. బాబాయ్ ఛాతీ ఉప్పొంగింది.

చెట్టుకు తెగులు తగిలిన అంతకు ముందు ఏడే, అంటుకు వేరు గట్టిగా ఉండాలని మూడాకుల జాతి అడవి నారింజ గింజలు తెప్పించి నాటి ఉంచాడు. ఒక్కో గింజకీ రెండు మూడు మొలకలు లేస్తే బక్కవి పీకేసి బలమైనవి ఉంచాడు. మేడంతా డబ్బాలే. బట్టలారేసుకునే చోటు పోయిందని భార్య సణిగితే, "శాస్త్రం తెలియనిదానివి, నీకేం చెప్పను!" అని జాలిపడ్డాడు. ఆ శాస్త్రం ఆయనకు తెలిసింది ముందు వారమే. అద్దాలు చెక్కే చేతికి మొగ్గ అంటు ఒక లెక్కా అనుకుని, అక్క కొమ్మ తెచ్చిన రోజే దాని మొగ్గలన్నీ కోసి ఆ మొక్కలకు అంటు కట్టాడు. దాదాపు అన్నీ ఎండిపోయాయి. ఒక్కటి మాత్రం చిగురేసి ఏపుగా లేచింది.

దానికి వేలెడేసి ముళ్ళు వచ్చాయి. "మేలుజాతికి ఆమాత్రం పొగరుంటుంది" అన్నాడు. ఆకులు మూడేసి చొప్పున వచ్చాయి. "ఏవండీ, వదిన చెట్టు ఆకులు ఇలా ఉండేవి కావేమో" అంది భార్య. "నీరు మారితే ఆకు మారదూ!" అని కొట్టిపారేశాడు. వచ్చినవాళ్ళనల్లా మేడెక్కించాడు. అక్కకైతే ఫోన్లో ప్రతి చిగురూ వర్ణించాడు.

ఆరో ఏడు కాసింది. పసుపుపచ్చటి, నూగు పట్టిన చిన్న కాయలు. ఒకటి కొరికితే చేదు నషాళానికంటింది. అప్పుడు వంగి మొదలు చూశాడు. అంటు కట్టిన చోట మొగ్గ నల్లగా ఎండి పొక్కులా ఉంది. దాని కింద మూడాకుల మొక్క నుంచి లేచిన కొమ్మనే ఇన్నాళ్ళూ నెత్తిన పెట్టుకుని పెంచాడు. అక్క చెట్టు వంశం ఎప్పుడో పోయింది. బాబాయ్ డబ్బాల మధ్య కూలబడి నిజంగానే ఏడ్చాడు.

మర్నాడే అక్క వస్తోంది, కాయ తినడానికి. నిజం చెప్పే ధైర్యం చాలక చేదు కాయలన్నీ తెంపేసి బజారు నుంచి ఒక నారింజ తెచ్చాడు. సగం ఫ్రేము జోళ్ళలో అద్దాన్ని పట్టి ఉంచే సన్నటి నైలాన్ దారంతో దాన్ని కొమ్మకు కట్టాడు. కోస్తే లోపల ఎర్రగా ఉండదన్న సంగతి ఆయన బుర్రకు తట్టనే లేదు.

అక్క ఆయాసపడుతూ మేడెక్కింది. పోయిన నెల తమ్ముడే చేసి పంపిన కొత్త జోడు పెట్టుకుని కాయ వంక చాలాసేపు చూసింది.

"జోడు బాగా కుదిరిందిరా. దారం ముడి కూడా కనబడుతోంది."

భార్య నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది.

"చచ్చిపోయిందా?" అంది అక్క.

"ఎప్పుడోనే, అక్కా. నేనే చూసుకోలేదు."

అక్క జోడు తీసింది. అద్దాల కన్నా కళ్ళే ఎక్కువసేపు తుడుచుకుంది.

"చివరి కాయ గింజలు నేనూ అప్పుడే నాటానులే. మూడు మొక్కలున్నాయి. నీ మీద నమ్మకం లేదనుకుంటావని చెప్పలేదు. గింజ మొక్కలు కదా, కాయాలంటే ఇంకా అయిదారేళ్ళు పట్టొచ్చు. హాయిగా పోదామనుకుంటున్నదాన్ని, నీ మూలాన అంతదాకా బతకాల్సొచ్చింది."

బాబాయ్‌కి సిగ్గూ ప్రాణం లేచొచ్చిన సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. తనకు వచ్చిన ముక్కే అన్నాడు.

"ఈ జోడు అన్నాళ్ళు ఆగదక్కా. మధ్యలో మార్చాలి."

"మారుద్దువుగాని. నా మొక్కల జోలికి మాత్రం రాకు."