అక్క చేతులకు ఉప్పునీళ్ళు

మా అక్కది మనూరు దగ్గర పల్లె. బావ కూలి పనులకు హైదరాబాద్ పోయి ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. అక్క ఇంటి ముందు పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్మేది. కొన్నేళ్ళ కింద ఆమె చేతుల మీద, మోచేతుల మీద ఎర్రటి మచ్చలు లేచి, తెల్లటి పొలుసులు రాలడం మొదలైంది. సొరియాసిస్ అన్నారు. ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకునేది కాదని డాక్టరమ్మ చెప్పినా, రొట్టెలు కొనేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. "ఇయ్యాల అన్నం వండుకున్నం" అంటూ పక్కనుంచి వెళ్ళిపోయేవారు. చివరికి అక్క ఆ పొయ్యి తీసేసి కందిచేలలో కూలికి పోయింది.

నా బిడ్డ బడికి పోయే ఈడు వచ్చేదాకా అక్క దగ్గరే పెరిగింది. అందుకే దాని పెండ్లి కుదరగానే అక్కను నారాయణఖేడ్‌లోని మా ఇంటికి తెచ్చుకున్నాను. బిడ్డ హైదరాబాద్‌లో బ్యూటీ పార్లర్‌లో పనిచేసేది. సెలవుకు వచ్చినప్పుడు ఒక పొట్లం ఉప్పు, ఒక డబ్బాలో నల్లటి మన్ను తెచ్చింది. ఎక్కడో పరాయి దేశంలో, చేపలు కూడా బతకలేనంత ఉప్పుండే సరస్సు నుంచి తీసినవట.

"ఏంది బిడ్డా, మన రేగడి చేన్ల లేని మన్నా గిది?" అని అక్క నవ్వింది.

"చేన్ల మన్ను పెట్టొద్దు పెద్దమ్మా, అండ్ల క్రిములుంటయి. గిది శుద్ధి చేసింది. గీ ఉప్పుల మెగ్నీషియం ఉంటది, తోలు మెత్తవడతది."

ముందు డాక్టరమ్మకు చూపించాం. "పొలుసులు మెత్తబడతాయి, దురద తగ్గుతుంది. జబ్బు మాత్రం పోదు. పుండు పడ్డచోట పెట్టొద్దు, మందులు మానొద్దు" అన్నది.

సాయంత్రాలు తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోసి ఉప్పు కలిపేదాన్ని. అక్క చేతులు ముంచి కళ్ళు మూసుకునేది. తర్వాత మోచేతులకు మన్ను పట్టించి, ఆరకముందే కడిగి కొబ్బరినూనె రాసేదాన్ని. ఒకరోజు నూనె రాస్తుంటే మెల్లగా అన్నది: "నా చెయ్యి గిట్ల ఎవలన్న పట్టుకొని ఎన్నొద్దులాయెనో." తల వంచుకొని రాస్తూనే ఉన్నాను.

పెండ్లినాటికి పొలుసులు పోయాయి. ఎరుపు కూడా చాలావరకు తగ్గి, లేత మచ్చలే మిగిలాయి. అక్క కొత్త గాజులు వేసుకొని, చేతులు వెలుతురులో పెట్టి చూసుకున్నది.

బిడ్డకు నలుగు పెట్టేటప్పుడు అక్క పళ్ళెంలోంచి ముద్ద తీసుకున్నది. మగపెండ్లివారి తరఫు పెద్దావిడ ఒకామె ఆ మచ్చలు చూసింది.

"ఆమె చేతులకేమైంది? పెండ్లిపిల్లకు అంటుతది గదా. పక్కకు కూసోమనుండ్రి."

"అంటుకునేది కాదమ్మా, డాక్టరమ్మ చెప్పింది" అన్నాను. బిడ్డ పీట మీంచే చెంప చాపి, "నువ్వు పెట్టు పెద్దమ్మా" అన్నది.

అక్క ముద్దను తిరిగి పళ్ళెంలో పెట్టింది. "పెండ్లిల లొల్లి వద్దు బిడ్డా" అని పెరట్లోకి పోయింది. నేను వెనకే పోయేసరికి నల్లా కింద చేతులు రుద్దుకుంటున్నది. వేళ్ళకంటిన పసుపు పోయినా ఆపడం లేదు. మానుతున్న చర్మం మళ్ళీ చీరుకుపోయింది. నల్లా కట్టేసి ఆమె మణికట్టు పట్టుకొని నిలబడ్డాను. ఇద్దరం ఏడ్వలేదు. లోపల పాటలు సాగుతున్నాయి.

అప్పగింతలప్పుడు బిడ్డ పెద్దమ్మ కోసం వెతికింది. అక్క అప్పటికే షేర్ ఆటోలో ఊరికి పోయింది.

ఉప్పు, మన్ను పట్టుకొని నేను ఆమె ఇంటికి పోతే, "ఇగ ఎవల కోసం?" అన్నది. గోలీలు మాత్రం వేసుకుంటానన్నది. చలికాలం రాగానే జబ్బు తిరగబెట్టింది, ఈసారి మెడదాకా పాకింది. ఇప్పుడు ఎండాకాలం కూడా బావ పాత పొడుగు చేతుల చొక్కా చీర మీద తొడుక్కొని కూలికి పోతున్నది. ఎవరింట్లో పెండ్లయినా రాదు.

బిడ్డ అత్తగారింటి నుంచి ఫోన్ చేసి, "చేతులు ఎట్లున్నయి పెద్దమ్మా?" అని అడుగుతుంది.

"మంచిగున్నయి బిడ్డా" అంటుంది అక్క, చొక్కా మీంచే మోచేయి గోక్కుంటూ.