చెరకు రసం, సుద్ద, నా కుడి మోకాలు

బార్డోలీ నుంచి సూరత్‌కు మోకాలి ఆపరేషన్ కోసం వెళ్లేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. గ్రంథాలయం మెట్ల మీద నా కుడి మోకాలు పట్టు తప్పి రెండేళ్లయింది. మంచి పుస్తకాలన్నీ మేడ మీద, నేను కింద దినపత్రికల దగ్గర. గౌట్ వల్ల యూరిక్ యాసిడ్ సుద్దలా పేరుకుని లోపలి లిగమెంటును పాడుచేసిందని స్కానింగ్‌లో తేలింది. సుద్ద తీసి కొత్త లిగమెంటు వేయాలి. కానీ రక్తంలో యాసిడ్ తగ్గందే ఆపరేషన్ చేయనని డాక్టర్ రెండుసార్లు తిప్పి పంపాడు. మాత్రలు వేళకు మింగుతున్నా అది తగ్గలేదు.

కారణం మా బామ్మర్ది రాజమల్లు ఊరంతా చెప్పాడు: బావ చాటుగా తాగుతాడట. మద్యనిషేధం ఉన్న గుజరాత్‌లో ఇంతకంటే రుచికరమైన పుకారు ఉండదు. నేను జన్మలో చుక్క ముట్టలేదు. అయినా బ్యాంకులో నా కింద పనిచేసినవాళ్లు కూడా ఫోన్ చేసి మానెయ్యమని హితబోధ చేశారు.

మూడోసారి తోడుకు అతనే దొరికాడు. ఉదయం ఏడింటి బస్సు ఎక్కి, కడోదరా దగ్గర లారీల మధ్య ఇరుక్కుని, గంటన్నరలో సూరత్ చేరాం. ఆసుపత్రి ఉన్న ఆల్థాన్‌కు ఆటోవాడు రెండొందలు అడిగాడు. సిరిసిల్ల మనిషి, మగ్గాలు వదిలి ఆటో పట్టాడు. మా తెలుగు విని నూట యాభైకి దిగాడు.

"కాలు జర చాపుకో కాకా, ముందట గుంతలున్నయ్," అన్నాడు.

దారిలో రాజమల్లు అతనికీ నా తాగుడు కథ చెప్పాడు.

డాక్టర్ రిపోర్టు చూసి, మందు తాగుతావా అని హిందీలో అడిగాడు. నేను నోరు తెరిచేలోపు రాజమల్లు అవునని తలూపాడు. డాక్టర్ అతన్ని ఆపి, పొద్దుటి నుంచి ఏమేం తాగుతానో నన్నే చెప్పమన్నాడు. టీ, మజ్జిగ, సాయంత్రం రెండు పెద్ద గ్లాసుల చెరకు రసం. రోజూనా అన్నాడు. రోజూ రాజమల్లే తెస్తాడు, లివర్‌కు మంచిదని. డాక్టర్ పెన్ను కింద పెట్టి, ఆ తీపి కూడా యాసిడ్‌ను పెంచుతుంది, ముందు అది మానెయ్యమన్నాడు.

బయటికొచ్చాక రాజమల్లు, "నాకేం ఎరుక బావా, మంచిదనే పోసిన," అన్నాడు.

"పుకారు కూడా మంచిదనే పుట్టించినవా?" అన్నాను.

నెలన్నరకు యాసిడ్ దిగింది. చిన్న గాట్ల గుండా సుద్దంతా తీసి, తొడ వెనక స్నాయువు ముక్కతో కొత్త లిగమెంటు వేశారు. మూడు రాత్రులు ఆసుపత్రి, తర్వాత కర్రలు, నెలల తరబడి వ్యాయామం. మొన్న రెయిలింగ్ పట్టుకుని గ్రంథాలయం మేడ ఎక్కాను. మోకాలిలో పేరుకున్నది తీసే వైద్యుడు దొరికాడు గానీ, ఊరి నోళ్లలో పేరుకున్నది తీసేవాడు లేడు. రాజమల్లు ఇప్పుడు నా రోగం మూలం పట్టింది తనేనని చెప్పుకుంటున్నాడట.

ఒక్క సలహా: డాక్టర్ దగ్గర మీరు తాగేవన్నీ చెప్పండి, ముఖ్యంగా అయినవాళ్లు ప్రేమతో పోసేవి.