మంచు మబ్బు దాకా వెళ్లాల్సిన బెలూను

వాతావరణ కేంద్రంలో అందరూ ఆమెను బెలూనక్క అంటారు. పెళ్లికి ముందు నుంచీ ఆమెది అదే పని. షెడ్డులో పొడవాటి బల్ల మీద రబ్బరు బెలూను పరిచి, సిలిండర్ గ్యాసు నింపి, కింద పరికరం కట్టి వదలాలి. ఆమె చేతికి ఎముక లేదు. టీ పోస్తే సాసరు కూడా నిండాల్సిందే. “మా ఇంట్లో గ్లాసులక్కూడా ఈత వచ్చేసింది” అని టైలరు మొగుడు ఏడిపిస్తుంటాడు.

ఆ వారం మాత్రం ఆమెకు నవ్వే రాలేదు. విమానాలకు కూడా అందని ఎత్తులో ఉండే మంచు మబ్బుల్ని పసిగట్టే పరికరాలు కొన్ని తీసుకుని ఓ శాస్త్రవేత్త వచ్చింది. వాటిని మోసిన బెలూన్లన్నీ ఆ మబ్బు చేరకముందే పగిలిపోయాయి. ఇక మిగిలింది ఒకే ఒక్క పరికరం.

“ఈ రోజు తప్పితే మళ్లీ దొరకదక్కా,” అంది శాస్త్రవేత్త, ఊపిరి తిరగనంత ఉత్సాహంగా. “కింద ఉరుముల మేఘాలు పొంగితే పైన గాలిలో అలలు లేస్తాయి. అల గాలిని ఎత్తిన చోట చలి పెరిగి మంచు కడుతుంది, దించిన చోట వేడెక్కి కరిగిపోతుంది. ఇప్పుడు మన నెత్తి మీద చలే ఉంది.”

బెలూనక్క సిలిండర్ కుళాయి మీంచి చెయ్యి తీసేసింది. “మేడం, కరెంటు తీగలకి తగులుకుంటుందేమోనని భయపడి, తొందరగా పైకి లేస్తుందని నేనే రోజూ కాస్త ఎక్కువ నింపుతున్నాను.”

“రోజువారీ బెలూన్లకి చెల్లిపోయింది. ఇది ఇంకా పైకెళ్లాలి కదా, పైకెళ్లేకొద్దీ గాలి పలచబడి బెలూను ఉబ్బుతూ పోతుంది, ముందే ఉబ్బిపోతే ఇక సాగడానికి చోటేదక్కా?”

ఆ రోజు ఆమె కొలత చూసి నింపింది. ఇంకొంచెం వదలమని చెయ్యి గోల పెడుతున్నా కుళాయి కట్టేసింది. బయట వదలగానే బెలూను బరువుగా పక్కకి ఒరిగి తీగల వైపే నడిచింది. బెలూనక్క దాని వెంట పరిగెత్తింది. అంతలో ఓ గాలి విసురు దాన్ని పైకి లేపింది.

ఇద్దరూ కంప్యూటర్ గదిలోకి పరిగెత్తారు. పరికరం పంపుతున్న ఉష్ణోగ్రత తెర మీద దిగుతూనే ఉంది. మంచు గడిలో సున్నా, మళ్లీ సున్నా. ఉన్నట్టుండి అంకెలు కుప్పలుతెప్పలుగా వచ్చిపడ్డాయి.

“వచ్చిందక్కా, మంచు,” అంటూ శాస్త్రవేత్త ఆమెను వాటేసుకుంది. బెలూనక్కకు ఒళ్లంతా పులకించిపోయింది. ఇంకా పైన ఉష్ణోగ్రత ఎక్కింది, అంకెలు మళ్లీ సున్నాకొచ్చాయి. అల రెండో వైపు కూడా చిక్కింది.

ఆ తర్వాత చాలాసేపటికి తెర ఖాళీ అయింది. బెలూను పగిలిపోయింది. తను నింపిన బెలూను పగిలిందని బెలూనక్క ఆ ఒక్క రోజే చప్పట్లు కొట్టింది.