తుమ్మే కారు

మొన్న పొద్దున లండన్ పక్కనున్న మా ఊళ్లో, స్లౌ స్టేషన్‌కు నడుస్తూ ఉంటే, నా పక్కనుంచి వెళ్తున్న కారొకటి తుమ్మింది. నేను టక్కున ఆగిపోయాను. చెవుల్లో పాటలు పెట్టుకుని నా వెనకే వస్తున్న అమ్మాయెవరో నన్ను గుద్దుకుని, తప్పు నాదే అయినా "సారీ!" అని తనే చెప్పి వెళ్లిపోయింది. బ్యాగులోంచి సీసా తీసి, గోడవారగా నిలబడి రెండు గుక్కలు మంచినీళ్లు తాగాను. ఈలోగా లండన్ రైలు తన దారిన తాను పోయింది. ఆలస్యమెందుకైందని ఆఫీసులో అడిగితే సిగ్నల్ ఫెయిల్యూర్ అన్నాను. ఈ దేశంలో ఎవరూ శంకించని అబద్ధం అదొక్కటే. కారు తుమ్మిందని నిజం చెబితే నన్ను జీపీ డాక్టరు దగ్గరికి పొమ్మంటారు.

నిజానికి కార్లు తుమ్ముతాయి. అన్నీ కాదు, టర్బో ఉన్నవి కొన్ని. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి చటుక్కున కాలు తీసేస్తే, ఇంజన్‌లోకి కుక్కుతున్న గాలి పోయే దారి లేక, ఒక మూతను నెట్టుకుని "హాఛ్!" అంటూ బయటికి దూకుతుంది. మన వంట్లోంచి బయల్దేరే తుమ్ముకీ దీనికీ పెద్ద తేడా లేదు. ఈ జ్ఞానాన్ని నాకు ప్రసాదించిన గురువు మా బావమరిది.

మాస్టర్స్ చదవడానికి వచ్చి, "రెండు వారాలే బావా, రూమ్ దొరికేదాకా" అని మా ఇంట్లో దిగి మూడేళ్లున్నాడు. వాడంటే నాకు విసుగు పుట్టలేదని చెబితే అతిశయోక్తి అవుతుంది గానీ, వాడు లేని రోజున ఇల్లు బోసిగా ఉండేదన్నది మాత్రం నిజం. మా ఆవిడకూ వాడికీ పన్నెండేళ్ల తేడా. వాడి నాలుగో ఏట వాళ్లమ్మ పోతే, పదహారేళ్ల పిల్ల చంకన వేసుకుని పెంచింది. వాడికి తలనొప్పి వస్తే ఈవిడ మాత్ర వేసుకునే రకం. అలాంటివాడు ఉద్యోగం వచ్చిన ఏడాదికి, అమెరికావాళ్లు ఎప్పుడో చేసి వదిలేసిన ఎనిమిది సిలిండర్ల ఎర్రకారు ఒకటి తెచ్చి మా గుమ్మం ముందు నిలబెట్టాడు. స్టీరింగ్ ఎడమవైపు, మూతి ఒక వీధిలో ఉంటే తోక ఇంకో వీధిలో. "మజిల్ కార్ బావా!" అన్నాడు. "ఇది కండకావరం రా" అన్నాను. "కాదు బావా. కండ, కారు, వరం" అని విడగొట్టి చెప్పాడు. మాటల విరుపులు నా సొత్తు అనుకునేవాణ్ని. ఆ రోజుతో ఆ కావరం దిగింది.

ఉన్న బలంతో ఊరుకుంటే ఈ కథ లేదు. ఆర్నెల్లు తిరక్కుండానే వాడికి ఆ ఇంజన్ చాలలేదు. గాలిని బలవంతంగా లోపలికి తోసే సాధనం ఒకటి బిగించాలట. అది సూపర్‌చార్జరా, టర్బోనా అన్నది సమస్య. మూడు వారాలపాటు మా భోజనాల బల్ల మీద ఇడ్లీల మధ్య ఇదే చర్చ. నా ఉద్యోగమా, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే ఏది ఎప్పుడు ఎలా చెడిపోతుందో ముందుగానే ఊహించి బెంగపడినందుకు నెలనెలా జీతం తీసుకునేవాణ్ని. వాడు "ప్రెషర్" అన్నప్పుడల్లా నాకు పీడనం అనే మాటలో ముందున్న పీడ ఒక్కటే వినపడేది.

శుక్రవారం సాయంత్రం మా ఆవిడ నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఏవండీ, రేపు వాడు గ్యారేజీకి వెళ్తున్నాడట. మీరూ వెళ్లండి."

"నేనెందుకు? కార్ల గురించి నాకేం తెలుసు?"

"ఏమీ తెలీదనే. తెలిసినవాళ్లంతా వాణ్ని ఎగదోస్తున్నారు. మీరు వెళ్లి వద్దని చెప్పి రండి. వాడికేమన్నా అయితే మా అమ్మకి నేనేం చెప్పుకోను?"

వాళ్లమ్మ గోడ మీద ఫొటోలో ఉంది. ఆవిడ కూడా నా వంకే చూస్తున్నట్టు అనిపించింది. సరేనన్నాను.

గ్యారేజీ ట్రేడింగ్ ఎస్టేట్ అనే పారిశ్రామికవాడ చివర, రేకుల షెడ్డులో. మెకానిక్ ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ నుంచి ఎన్నడో వచ్చి స్థిరపడిన పెద్దమనిషి. ఆయన ఇంగ్లీషులో నాకు పదికి మూడు మాటలు చిక్కేవి, మిగిలినవి మా బావమరిది తెలుగులో అందించేవాడు. బల్ల మీద రెండు వస్తువులున్నాయి. ఒకటి అల్యూమినియం పెట్టెలా ఉంది, అది సూపర్‌చార్జర్. రెండోది అచ్చంగా నత్తగుల్ల, అది టర్బో. వేగం అమ్మే చోట నత్తను చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది. "ఇప్పుడు చెబుదాం" అని గొంతు సవరించుకున్నాను. వాడు నా సవరింపును ప్రశ్న అనుకుని పాఠం మొదలుపెట్టాడు.

"సూపర్‌చార్జర్ అంటే నువ్వే బావా. ఇంజన్‌కి బెల్టుతో కట్టేసి ఉంటుంది. అక్క పిలవగానే పలుకుతుంది, పనిచేసినంతసేపూ సణుగుతుంది. టర్బో నాలాంటిది. పారబోసే పొగతో తిరుగుతుంది. పిలిస్తే కాసేపు పలకదు. పలికిందంటే ఇల్లు లేచిపోద్ది."

"మరి ఏదీ వద్దనుకుంటే?" అన్నాను. అనాలనుకున్న మాటకు అది తోకముక్క మాత్రమే. సరిగ్గా అప్పుడే షెడ్డు బయట ఎవరిదో కారు గుర్రుమని, "హాఛ్!" అని తుమ్మింది. నేనూ వాడూ ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకున్నాం. ఇద్దరికీ ఒక్క మనిషే గుర్తొచ్చింది. మా ఇంట్లో ఎవరైనా బయల్దేరేముందు ఒంటి తుమ్ము వినపడితే, వెనక్కొచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగాకే గడప దాటాలి. ఇంటర్వ్యూ అయినా, విమానమైనా, పన్ను పోటు అయినా మినహాయింపు లేదు.

"చచ్చాం బావా, టర్బో పెడితే అక్క నన్ను వీధి దాటనివ్వదు" అని నవ్వి, "రెండు టర్బోలు పెట్టిద్దామా? జంట తుమ్ములు శుభం కదా!" అన్నాడు. ఆ పెద్దమనిషికి మా నవ్వు అర్థం కాలేదు. "సో, విచ్ వన్?" అన్నాడు. "నువ్వు చెప్పు బావా. నేను మూడు వారాల్నుంచీ తేల్చుకోలేకపోతున్నాను. నువ్వేదంటే అదే" అన్నాడు వీడు.

ఏదీ వద్దనడానికి అంతకంటే మంచి అదను ఉండదు. నోరు తెరిచాను కూడా. కానీ వాడి కళ్లలో వెలుగు చూసి, వద్దనే పని ఇంకెవరికైనా అప్పజెప్పగలనా అని ఆలోచించాను. తుమ్మే కారైతే వాళ్లక్క ఆపుతుంది. నేను అనలేని మాట ఆ నత్త అంటుంది. "టర్బో," అన్నాను, "ఒక్కటే."

ఇంటికి రాగానే "చెప్పారా?" అంది మా ఆవిడ. "చెప్పాను" అన్నాను. ఏం చెప్పానో ఆవిడ అడగలేదు, అడగని ప్రశ్నకు నేను జవాబివ్వలేదు.

రెండు వారాల తర్వాత కారు మా గుమ్మంలో మొదటిసారి తుమ్మింది. కంచె అవతల గులాబీలు కత్తిరిస్తున్న పక్కింటి తెల్లముసలావిడ అలవాటుగా "బ్లెస్ యూ!" అంది. మా ఆవిడ మూడు రోజులు వాడితో మాట్లాడలేదు. నాలుగోరోజు షరతు పెట్టింది: ఆ బండి మన గుమ్మంలో తుమ్మిందా, లోపలికొచ్చి నీళ్లు తాగి వెళ్లాలి. వాడు పడీపడీ నవ్వాడు గానీ పాటించాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాడు బయటికి వెళ్లిన ప్రతిసారీ ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, మోగకూడదని దాన్నే చూస్తూ కూర్చునేవాణ్ని. టెస్టర్ బుర్ర కదా, ఏదెప్పుడు ఊడుతుందో, ఎక్కడ పేలుతుందో వరసపెట్టి చూపించేది. ఆ వరసలో ప్రతి సినిమా చివరా "ఎంపిక: బావ" అని నా పేరు పడేది.

ఒక శనివారం వాడు గ్లాస్గో బయల్దేరాడు, కలిసి చదువుకున్న స్నేహితులకు బండి చూపించాలని. సన్నగా వాన. ఇంజన్ చాలాసేపు వేడెక్కనిచ్చి, గేటు దగ్గర ఒకసారి గట్టిగా తొక్కి వదిలాడు. "హాఛ్!"

"బ్లెస్ యూ, డార్లింగ్!" కంచె అవతలినుంచి.

"ఆగరా!" వంటింట్లోంచి.

"అక్కా, చాలా దూరం పోవాలే! దార్లో తాగుతా!" కిటికీ దించి అరిచాడు. మా ఆవిడ ఇంటి చెప్పులతోనే వానలోకి వచ్చి, ఆ ఎర్రమూతికి ఎదురుగా చేతిలో గ్లాసుతో నిలబడింది. అన్ని గుర్రాల బలం ఒక స్టీలు గ్లాసు ముందు ఆగిపోయింది. వాడు ఇంజన్ ఆపి, గొణుక్కుంటూ వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. నాకేం చేయాలో తోచక కారు చుట్టూ తిరిగాను. ముందు చక్రం పక్కన, తడినేల మీద, వానది కాని తడి కనిపించింది. నల్లగా, జిడ్డుగా. బానెట్ సందులోంచి సన్నగా పొగ.

"కారు కారుతోంది" అన్నాను.

"జోకులాపు బావా" అన్నాడు నీళ్లు తాగుతూ.

"జోకు కాదురా! కారు కారుతోంది!"

జీవితమంతా మాటలు విరిచినవాడికి ఇదే శిక్ష. ఒక్కసారి నిజం చెబితే, అదీ శ్లేషలాగే వచ్చింది. నా మొహం చూసి వాడు గ్లాసు కింద పెట్టి పరుగెత్తుకొచ్చాడు.

ఫోన్ చేస్తే బెల్‌ఫాస్ట్ పెద్దాయన వచ్చి, బానెట్ కింద తల పెట్టి, చాలాసేపు తీయలేదు. టర్బోకి నూనె అందించే గొట్టం బిగింపు వదులైందట. ఆ నూనె కొలిమిలా కాలే నత్త మీద బొట్టుబొట్టుగా పడుతోంది. మోటార్‌వే మీద ఇంకో అరగంట ఇలాగే వెళ్లి ఉంటే... అంటూ వాక్యం పూర్తి చేయకుండా చేతులు తుడుచుకున్నాడు. ఆయన మాటల్లో అనువాదం అక్కర్లేకుండా నాకు అర్థమైంది ఆ మౌనమొక్కటే.

సాయంత్రం టీ తాగుతూ మా ఆవిడ "చూశారా, తుమ్ము" అంది. అందరూ ఆ తుమ్మునే మెచ్చుకుంటున్నారు. నా లెక్క మాత్రం తెగడం లేదు. తుమ్మకపోతే వాడు ఆగేవాడు కాదు, నిజమే. కానీ ఆ నత్త లేకపోతే కారడమే లేదుగా. ఇక దాచలేక చెప్పేశాను. "ఆ టర్బో ఎంచింది నేనే."

ఆవిడ మిగిలిన టీ అంతా తాగి కప్పు కింద పెట్టింది. టర్బో పలికేలోపు గడిచే ఆ కాసేపు ఎంత పొడుగ్గా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"తెలుసు" అంది చివరికి. "వాడు ఆ రోజే చెప్పాడు. అయినా మీరు వద్దని చెప్పి రాలేరని పంపేటప్పుడే తెలుసండీ. అందుకే నీళ్లగ్లాసు నేను పెట్టుకున్నాను."

ఆ కారు తర్వాత ఎవరికో అమ్ముడుపోయింది. ఇప్పుడు ఏ ఊళ్లో, ఎవరి గుమ్మంలో తుమ్ముతోందో. మా బావమరిది ఇద్దరు పిల్లల్ని వెనక కట్టేసి, తుమ్మనూ దగ్గనూ రాని ఏడు సీట్ల బండి నడుపుతున్నాడు. వేగం వాడు మానేశాడు, భయం నేను మానలేదు. రైలు పోయిన ఖాళీ ప్లాట్‌ఫామ్ మీద నిలబడి మొన్న ఇదంతా తలుచుకున్నాను. తొందరపడి మిగుల్చుకున్న నిమిషాలన్నీ ఎక్కడ పోయాయో నాకు తెలియదు. ఆగి పోగొట్టుకున్న ఆ గ్లాసుడు మంచినీళ్లంత సేపు మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది.