దశరథం కాక కత్తిరించిన అడవి

కాగజ్‌నగర్ స్టేషన్ నుంచి మార్కెట్‌కు వెళ్లే దారిలో ఒక పాత ఫొటో స్టూడియో ఉంది. దాని అద్దాల అల్మారీలో పైవరసలో పెళ్లి జంటలు, కిందివరసలో పులులు. పులులన్నీ మనవైపే సూటిగా చూస్తున్నట్టు ఉంటాయి. స్టూడియో దశరథం కాకది. ఆయన నాకు చుట్టం కాదు. బజారంతా ఆయనను కాక అనే పిలుస్తుంది, నేనూ అంతే.

ఊళ్లోని కాగితం మిల్లు మూతపడిన ఏళ్లలో నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. పదహారేళ్లప్పుడు ఈ స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇప్పటికి ఎనిమిదేళ్లు. వచ్చినవాళ్లతో మాట్లాడటం కాక పని. ఫొటోలు సరిచేయడం, కత్తిరించడం నా పని. తెరవైపు తిరిగి కూర్చుంటే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అందుకే ఆ పని నాకు నచ్చింది.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది పాస్‌పోర్టు ఫొటోల కోసం. దుబాయి, మస్కట్, కువైట్ పోయేవాళ్లు. కాక ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్తాడు. "సక్కగ సూడు. రెండు చెవులు కనవడాలె. నవ్వకు." ఆ తర్వాత ఫొటోలో తల మీద వేలెడు చోటు, గడ్డం కింద రెండు వేళ్ల చోటు ఉంచి మిగతాదంతా నేను కోసేస్తాను. ముప్ఫై ఏళ్లుగా కాక చేసింది ఇదే. ఆయన చేతికి, కంటికి వేరే కొలత లేదు.

పులుల దగ్గరికి వచ్చినా ఆ కొలత మారలేదు.

మిల్లు ఆగినప్పుడు పెళ్లిళ్ల ఆర్డర్లు తగ్గిపోయాయి. ఖాళీగా కూర్చోలేక కాక అడవి కాపలాకు పోయే వాచర్ల వెంట తిరగడం మొదలుపెట్టాడు. అప్పుడే ప్రాణహిత దాటి మహారాష్ట్ర వైపు నుంచి పులులు వస్తున్నాయి. హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలేసిన పొడవాటి లెన్స్ ఒకటి తెచ్చుకున్నాడు. వారానికి రెండు రోజులు తెల్లవారకముందే పోయేవాడు. వందసార్లు పోతే ఐదారుసార్లు పులి కనిపించేది. కనిపించిన రోజున మెమరీ కార్డు నా ముందు పెట్టి వెనక నిలబడేవాడు.

"ఇంక దగ్గరికి గుంజు."

గుంజేదాన్ని.

"ఇంకా. చెవులకాడ ఆపు. ఆఁ, గంతే."

ఆ కత్తిరింపు గీతల బయట ఏం పోతున్నదో నాకే తెలుసు. టేకు చెట్లు, పశువుల బాట, చేను, ఎండిన వాగు, ఒక్కోసారి కరెంటు స్తంభం. చివరికి ముఖం ఒక్కటే మిగిలేది. కార్డు సైజులో అది బాగానే ఉండేది. కానీ పులి ఎటో ఒకవైపు చూస్తుంటుంది కదా, అటువైపు కూడా కోసేస్తే గోడకు ముక్కు ఆనించి నిలబడినట్టు ఉంటుందని నాకు అనిపించేది. చెప్పలేదు. చెప్పాలనుకున్న ప్రతిసారీ తెరవైపు ఇంకొంచెం వంగేదాన్ని.

మా ఎదురుగా చాయ్ అమ్మే బాలమల్లు మాత్రం ఊరుకునేవాడు కాదు. "ఏ దేశం వోతున్నదే దశరథం నీ పులి? వీజా వచ్చిందా?" అని రోజూ అడిగేవాడు.

ఇరవై అడుగుల సంగతి కూడా బాలమల్లు దుకాణంలోనే పుట్టింది. అల్మారీలో మొదటి పులి ముఖం పెట్టిన రోజున ఎవరో ఎంత దగ్గరికి పోయి తీశావని అడిగారట. కాక చాయ్ మింగి జవాబు చెప్పేలోపు బాలమల్లే, "ఇరవై అడుగులు ఉంటది, ఎక్కువ లేదు" అన్నాడట. కాక కాదనలేదు. అంతే. అప్పటి నుంచి కాగజ్‌నగర్‌లో దశరథం అంటే పులికి ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డ మనిషి. పెళ్లిళ్లలో ఆయనకు ముందు కుర్చీ వేసేవాళ్లు. పిల్లల్ని తెచ్చి ఆయన చేయి పట్టించేవాళ్లు. ఆయన తల దించుకుని నవ్వేవాడు. ఆ నవ్వు నేను చాలాసార్లు చూశాను. అందులో సంతోషం తక్కువ.

అసలు ఫొటోలన్నీ చెరిపేయమని కాక చెప్పేవాడు. కంప్యూటర్‌లో చోటు చాలదనేవాడు. నేను వచ్చిన తర్వాతవి ఒక్కటీ చెరపలేదు. వేరే డిస్కులో దాచాను. ఎందుకో అడిగితే చెప్పలేను. వాటిలో చేను పూర్తిగా చేనులాగే కనిపించేది, దాన్ని పారేయబుద్ధి కాలేదు.

పోయిన చలికాలం అయిపోయాక ఫారెస్టు రేంజర్ సారు స్టూడియోకు వచ్చాడు. ఊరివాళ్లతో మీటింగులు పెట్టడానికి కొత్త హాలు కట్టారు. దాని గోడకు ఆరడుగుల పులి ఫొటో కావాలి, కింద కాక పేరు రాయిస్తామన్నాడు. ఆయన పోయాక కాక స్టూలు మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకున్నాడు. అప్పటికే మోకాళ్లు అరిగాయని డాక్టర్ అడవి మాన్పించాడు. కాక భార్య రమవ్వ సద్ది తెచ్చి పెడుతూ, "గిది గోడకెక్కినంక గా కెమెరా సంచి అటకెక్కిస్త. ఇగ నాతోని కాదు నీ కాళ్లు పిసుకుడు" అంది.

"ఎక్కియ్యి," అన్నాడు కాక. కోపం కూడా లేదు ఆ గొంతులో.

ఆయన ఎంచుకున్నది జనవరిలో తీసిన ఆడపులిని. దాన్ని నాలుగు చలికాలాలుగా చూస్తున్నాడు. దాని ఎడమ కంటి మీద మూడు నల్ల గీతలుంటాయి, మధ్య గీత కిందికి వచ్చేసరికి రెండుగా చీలుతుంది. ఆ చీలిక చూసే కాక దాన్ని గుర్తుపడతాడు. ఎప్పటిలాగే చెవుల దాకా కోయించాడు.

అంత పెద్ద ప్రింటు మా ఊళ్లో కాదు. రైల్లో పెద్దపల్లి దాకా, అక్కడి నుంచి బస్సులో కరీంనగర్ పోయాం. తెర మీద అక్షరాలు ఆయనకు కనిపించవని నన్ను వెంట తీసుకుపోయాడు. బయల్దేరేటప్పుడు నేను నా సంచిలో డిస్కు వేసుకున్నాను. ఆయనకు చెప్పలేదు.

ఫొటో ల్యాబులో కరుణాకర్ అని నా వయసువాడే ఉన్నాడు. మా ఫొటోను ఆరడుగుల కొలతకు పెంచి చూపించాడు. పులి ముఖం చిన్న చిన్న డబ్బాలుగా విడిపోయింది. కన్ను ఏదో మచ్చ ఏదో తెలియలేదు.

"దీంట్ల ఏం లేదు కాక. మొత్తం కోసేసిన్రు గద. ఒరిజినల్ తెచ్చిన్రా?"

"లేదు," అన్నాడు కాక.

నేను సంచి పట్టుకుని నేల చూశాను.

"ఫికర్ చెయ్యకుండ్రి, ఇప్పుడు ఏఐ ఉన్నది" అని కరుణాకర్ ఏవో రెండు నొక్కాడు. మేం చూస్తుండగానే డబ్బాలు కరిగిపోయి ముఖం తేటగా వచ్చింది. ఒక్కో మీసం వేరుగా కనిపించింది. కళ్లలో తడి మెరిసింది. అల్మారీలోని ఏ పులీ అంత అందంగా లేదు.

కాక అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని తెర దగ్గరికి వంగాడు.

"గిదెవలు?"

"మీ పులే కాక!"

"మాది కాదు. గీ నడిమి గీత సూడు, సక్కగ వోయింది. చీలలే."

"అరే, గోడ మీది ఫొటోల గీత ఎవలు సూస్తరే కాక? జర సమజ్ చేసుకోండ్రి."

"నేను సూస్త."

చీలిక మళ్లీ పెట్టమంటే కరుణాకర్ పెట్టేవాడే. కాక అడగలేదు. బయటికి నడిచి మెట్ల మీద కూర్చున్నాడు. నేను వెనకే పోయి పక్కన నిలబడ్డాను. ఆయన రెండు చేతులతో మోకాళ్లు పట్టుకుని రోడ్డు చూస్తున్నాడు. ప్రింటు లేకుండా తిరిగిపోతే ఆ గోడ మీద వేరేవాళ్ల పులి ఎక్కుతుంది. మొత్తం ఫొటో ఇస్తే, ఎంత దూరం నుంచి తీశాడో ఊరంతా చూస్తుంది. ఆ రెండూ ఆయనకు తెలుసు. నాకూ తెలుసని ఆయనకు తెలుసు.

కాక తల తిప్పకుండానే అడిగాడు. "అన్నీ చెరిపేసినవా బిడ్డా?"

"లేదు కాక."

"గా సంచిల ఉన్నదా?"

"ఉన్నది."

తిడతాడనుకున్నాను. ఆయన నీళ్ల సీసా మూత తీసి రెండు గుక్కలు తాగి, "ఇన్నేండ్లు మోసిన. ఇగ బరువైతున్నది," అన్నాడు. "పోయి ఇయ్యి. నువ్వే కొయ్యి. నేను లోపటికి రాను."

"ఎక్కడ ఆపాలె?"

"నీకు తెల్వదా? ఎనిమిదేండ్ల సంది నా వెనుక గునుగుతనే ఉన్నవ్ గద, నోరు తెరువకుంట."

నేను లోపలికి పోయి డిస్కు ఇచ్చాను. ఫొటో పూర్తిగా తెరుచుకుంది. ముందు చేను చుట్టూ అడవిపందులు రాకుండా కట్టిన పాత చీరలు. వాటి వెనక పత్తి సాళ్లు, ఒకదాని తర్వాత ఒకటి. సాళ్లన్నీ అయిపోయాక, అవతలి గట్టు మీద, ఎండిన టేకాకుల దగ్గర ఆ ఆడపులి. అది ఎటు చూస్తున్నదో అప్పుడే గమనించాను. కొంచెం పక్కకు, చేను మూలకు చూస్తున్నది. పైన ఖాళీగా ఉన్న పొగమంచు కొంచెం తీసేశాను. పులి చూస్తున్న వైపు ఏమీ ముట్టలేదు. చీరలు ఉంచాను.

కరుణాకర్ కొలత వేసి చూశాడు. ఆరడుగులలో పులి జానెడున్నర వచ్చింది. ముఖం నా అరచేతిలో సగం. కానీ కంటి మీది చీలిక చెక్కుచెదరలేదు.

వారం తర్వాత హాల్లో ఫొటో ఎక్కించారు. పక్క ఊళ్ల రైతుల్ని పిలిచారు. బాలమల్లు చాయ్ ఫ్లాస్కులతో వచ్చాడు. కాక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తెర తీయగానే కొందరు చప్పట్లు కొట్టారు, తర్వాత చప్పట్లు తగ్గి గుసగుసలు మొదలయ్యాయి. బాలమల్లు ఫ్లాస్కు కింద పెట్టి ఫొటో దగ్గరికి పోయాడు. ఆయనా ఒకప్పుడు పత్తి పండించినవాడే, సాలుకూ సాలుకూ మధ్య ఎంతో తెలుసు. వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"యాభై రెండు సాళ్లు! మూడడుగులు ఏస్కున్నా నూటయాభై దాటింది. గట్టు, రోడ్డు ఇడ్వంగ. ఇరవై అడుగులంటివి గదనే దశరథం?"

అందరూ నవ్వారు.

"నేననలే. నువ్వన్నవు," అన్నాడు కాక. "నేను కాదనలే. గదే నా తప్పు. రోడ్డు మీద ట్రాలీ ఆటో పైన కెమెరా ఆనిచ్చి తీసిన. దిగలే. దిగనీకి భయమైంది."

నవ్వు ఇంకా పెద్దదైంది. ఒకరిద్దరు బయటికి పోయారు. కాక అలాగే నిలబడ్డాడు. ఆ రోజు ఆయన మామూలుకన్నా ముసలివాడిగా కనిపించాడు.

అప్పుడు ముందు వరసలో నుంచి బుచ్చవ్వ లేచింది. పెంచికల్‌పేట దారిలో ఆమెకు రెండెకరాల పత్తి. ఇద్దరు కొడుకులూ మస్కట్‌లో ఉన్నారు, వాళ్ల పాస్‌పోర్టు ఫొటోలు మేమే తీశాం. ఆమె ఫొటో ముందు నిలబడి ఒక చీర మీద చేయి పెట్టింది.

"గీ ఎర్రంచు చీర నాది. గిది నా చేను."

హాల్లో నవ్వు ఆగింది.

"నడ్వనీకి కష్టమైనా జర ఇటు రాయె దశరథం," అంది. "గిది రోజూ గీడికెల్లే వస్తదా? గా మూలకు ఏం సూస్తున్నది? ఆడనే నేను పొద్దుగాల ఒంగి పత్తి ఏరేది."

కాక కుంటుకుంటూ ముందుకు వచ్చాడు. నేను స్టూలు తెచ్చి వేశాను. ఆయన కూర్చోలేదు. దాని మీద ఒక చేయి ఆనించి, రెండో చేత్తో టేకాకుల దగ్గర నుంచి చేను మూలదాకా మెల్లగా గీత గీసి చూపించాడు.

"గీడ వాగుకు బాట ఉన్నదవ్వా. నాలుగేండ్ల సంది గిదే దారి. పొద్దెక్కినంక పో. ఒక్కదానివి పోకు. ఒంగితె నడుమ నడుమ లేసి సూస్తుండు."

"మరి అల్మారీల పెట్టినవి ఎక్కడివి? అవి ఎవల చేన్లల్లవి?" అని వెనక నుంచి ఇంకొకరు అడిగారు.

కాక నా వైపు చూశాడు. నేను స్టూడియోకు వచ్చాక తీసిన అసలు ఫొటోలు తెచ్చి చూపిస్తానని చెప్పాను. అందరి ముందు, నా గొంతుతో. అంతకు ముందు చెరిపేసినవి ఎక్కడివో ఆయనకూ గుర్తులేదు. ఆ మాట ఆయనే చెప్పి, అప్పుడు స్టూలు మీద కూర్చున్నాడు.