బయటున్నోళ్లకు బట్టలు

సూరత్‌లో చీరలు మడతపెట్టి బతికే నేను, ఒకసారి వరదలో మునిగిన మా ఊరి ఆడవాళ్లను ఆదుకోబోయి వాళ్ల చేతే తిట్లు తిన్నాను. తిట్లు తినడం నాకు కొత్త కాదు. అవి అక్షరాలా న్యాయమైన తిట్లు కావడమే కొత్త. వినండి, కానీ నా మీద మాత్రం జాలిపడకండి.

అప్పుడు సూరత్‌లోని అమ్రోలిలో ఒకే గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. అందరం ఉత్తర తెలంగాణ వాళ్లమే, కొందరు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, కొందరు చీరల మార్కెట్లో. అందరికీ పెళ్లిళ్లయ్యాయి, భార్యలు ఊళ్లో ఉన్నారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆ వానాకాలం వాగు పొంగి మా ఊరి మీద పడింది. జనమంతా పక్కూరి బడిలో తలదాచుకున్నారు. మా అక్క రాజవ్వ అక్కడి సారు ఫోన్ అడిగి తీసుకుని నాకు చేసింది.

"తమ్మీ సత్తయ్యా, పానాలతోని ఉన్నం. బియ్యం గిట్ల సర్కారోళ్లు ఇస్తున్నరు. గని..." గొంతు తగ్గించింది. "బయటున్న ఆడోళ్లకు బట్టల్లేవురా. శాన కష్టమైతుంది. జర మెత్తటియి పంపు."

"ఎంతమంది ఉన్నరక్కా బయట?"

"ఎంతమందని చెప్పాల్నురా? ఇయ్యాల ఒకలు, రేపొకలు. సారు పక్కకే ఉన్నడు. నీకు సమజైంది గదా?"

"సమజైందక్కా, నువ్వు ఫికర్ చెయ్యకు."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా అర్థం కాని తమ్ముడి గురించి పెద్దలు ఏమీ చెప్పిపోలేదు.

నా గదివాడు మల్లేశం విషయం విని పళ్లు కొరికాడు. "బడిల జాగ సాలక ఆడోళ్లను బయట పెట్టిన్రన్నట్టు. లీడర్లు లోపల కాళ్లు సాపుకొని పండుకున్నరు కావచ్చు."

ఇంకేముంది, ఎనిమిది మందిమీ కలిసి పాపం ఏ తప్పూ ఎరుగని సర్పంచిని అరగంట తిట్టాం. వానలో తడుస్తున్న మా అక్కచెల్లెళ్లు కళ్లముందు మెదిలి నాకు కన్నీళ్లు కూడా వచ్చాయి.

పొద్దున్నే నేను పనిచేసే దుకాణం సేఠ్ దగ్గరికి పోయాను. మెత్తటి బట్ట కావాలంటే సూరత్ మాలును మించింది ఏముంది? ఆయన గోదాంలో రెండు పెళ్లిళ్ల సీజన్లు దాటినా అమ్ముడుపోని రాళ్ల చీరలు, నెట్ చీరలు చూపించి, "లే జావ్ సత్తూభాయ్, పుణ్య కా కామ్ హై" అన్నాడు. ఊరక రారు మహాత్ములు, ఊరక ఇవ్వరు సేఠ్‌లు. బ్యానర్ కట్టించి ఫోటో తీయించాడు. అందులో ఆయన పక్కన నేను పెళ్లికొడుకులా నిలబడ్డాను.

మూటలు కడుతుంటే, మా దగ్గర దారాలు కత్తిరించే మంజుబెన్ వచ్చి ఎవరికని అడిగింది. వరదలో చిక్కుకుని 'బాహర్', అంటే బయట, ఉన్న ఆడవాళ్లకని చెప్పాను. ఆమె ఒక నెట్ చీర ఎత్తి, అందులోంచి నా ముఖం చూసి, "బాహర్ హై? తో సూతీ దో న" అంది. నూలుబట్ట ఇవ్వమంటోంది. సూరత్‌లో ఉండి నూలేమిటని నవ్వేసి, మూటలు మా వైపు పోయే బస్సెక్కించాను.

మూడో రోజు అక్క ఫోన్. అందరూ వినాలని స్పీకర్ పెట్టాను, చూడండి నా తెలివి.

"ఎట్లున్నయక్కా చీరలు?"

"రాళ్లు గుచ్చుకుంటున్నయిరా."

"ఏడ?"

"ఏడనో గూడ చెప్పాల్నా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "వానల తడిసేటోళ్లకు ఫుకట్ల చీరలు పంపితే వంకలు పెడుతున్నరా?"

"ఎవలు తడుస్తున్నర్రా? అందరం బడిలనే ఉన్నం. సారూ, మీరు జర అటు పోండ్రి." తర్వాత అక్క గొంతు లేచింది. "బయటున్నోళ్లంటే నెలసరి వచ్చినోళ్లురా, మొద్దూ. తడి చెంగులు చింపి పెట్టుకుంటున్నం. నీ చీర చుక్క నీళ్లు పీల్చది. పోనీ తానం కాడ అడ్డం కడుదమంటే ఆర్‌పార్ కనబడుతది. గా రూముల ఎనిమిది మంది మొగోళ్లున్నరు గదా, ఒక్కనికన్న పెండ్లాం లేదారా?"

పెళ్లాలున్న ఎనిమిది మంది మగవాళ్లం నేల చూశాం. మల్లేశం చప్పుడు చేయకుండా వెళ్లి బయట నిలబడ్డాడు.

ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. సేఠ్ మీద కాదు. గోదాం ఖాళీ చేసుకుని దానమనుకోవడం ఆయన ఒక్కడి జబ్బు కాదు. మండేది నా మీదే. నన్ను ఎత్తుకు పెంచిన అక్క మూడు రోజులు తడిబట్టతో కూర్చుంటే, నేను ఇక్కడ ఫోటోకు పళ్లికిలించాను. ఆడవాళ్లను ఒక్క మాట అడిగితే నా సొమ్మేం పోయేది?

సిగ్గు చంపుకుని మంజుబెన్ దగ్గరికి పోయాను. నేను నోరు తెరవకముందే, "ముఝే ఉసీ దిన్ పతా థా. తుమ్‌నే పూఛా?" అంది. వాళ్లలోనూ 'బాహర్' అంటే అదేనట, ఆ రోజే తెలిసిందట, నేనే అడగలేదట. సాయంత్రానికల్లా ఆమె, తోటి ఆడవాళ్లు కలిసి ప్యాడ్లు, ఉతికిన నూలుబట్టలు, లోబట్టలు, సబ్బులు, అడ్డం కట్టడానికి మందపాటి దుప్పట్లు తెచ్చి పెట్టారు. నా పని మూటలు బస్సుదాకా మోయడమే. నాకు తగిన పని అదే.

మొన్న అక్క మళ్లీ ఫోన్ చేసింది. మేనకోడలికి ఫోన్ ఇమ్మంటే, "బయట ఉన్నదిరా" అంది.

"నూలుబట్ట పంపాల్నా, ప్యాడ్లా? మొహమాటపడకక్కా."

"నీ మొఖం. వాకిలి ఊడుస్తున్నదిరా."

కాబట్టి పాఠకులారా, దారాలు కత్తిరించే కత్తెర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట "సమజైంది" అనే మాట ఈ నోట రాదు. ఎవరికి ఏది పంపినా, ముందు రెండుసార్లు అడుగుతాను. రెండోసారి మంజుబెన్‌ను అడుగుతాను.