నాన్న తన నోటితో చెప్పాల్సిన మాట

మా అక్క కొత్త దేవుణ్ణి నమ్ముకున్నప్పుడు మా నాన్న అడ్డు చెప్పలేదు. కాపురం చెడి పుట్టింటికి వచ్చేసిన అక్క నెలల తరబడి తిండి మీద ధ్యాస లేకుండా పడి ఉండేది. మా పేట చివర రేకుల షెడ్డులో జరిగే ప్రార్థనకి ఎవరో తీసుకెళ్ళాక లేచి తిరగడం మొదలెట్టింది. ఒక ఆదివారం సముద్రంలో బాప్తిస్మం తీసుకుని, తడి చీరతో ఇంటికొచ్చింది. నాన్న చూసి, "జలుబు సేత్తాది, తల తుడుసుకో" అన్నాడు. అంతే.

నాన్న ఫిషింగ్ హార్బర్‌లో బోటు డ్రైవరు. ఆయన బోటు మీద ఒక పద్ధతి ఉండేది. ఏటా చేపల వేట నిషేధం ముగిసి మొదటిసారి సముద్రం మీదికి వెళ్ళే ముందు, అందరి తరఫునా ఎవడో ఒక్కడే ఉపవాసం ఉండి గంగమ్మకి మొక్కేవాడు. మిగతావాళ్ళు కడుపు నిండా తిని బోటెక్కేవాళ్ళు. తాగి ఎక్కినవాడికీ ఆ మొక్కు వర్తించేది. అలా బతికిన మనిషి కాబట్టి, అక్క నమ్మింది గనక ఆ దేవుడి దగ్గర మా ఇంటి పని అయిపోయిందనే అనుకున్నాడు.

నేను అప్పటికి ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. చదువు ఏడో తరగతితో ఆగినా, సాయంత్రాలు గ్రంథాలయంలో బల్ల మీదున్నది ఏదీ వదలలేదు. మనిషికి రక్షణ పుణ్యకార్యాల వల్ల వస్తుందా, సొంత విశ్వాసం వల్లనా అని ఒకప్పుడు యూరప్‌లో క్రైస్తవుల మధ్య రాజ్యాలు చీలిపోయేంత గొడవ జరిగిందని అక్కడే చదివాను. అక్క వాళ్ళది సొంత విశ్వాసం అన్నవాళ్ళ పక్షమని ఇంటికొచ్చి ఆమెకి అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పాను. మా పేటలో ఇది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని నాకు గొప్ప సంతోషం. అక్క మాత్రం ఒక్క ముక్కే పట్టుకుంది.

"అయితే నాన్న కోసం నాను నమ్మితే సెల్లదన్నమాట."

"సెల్లదక్కా. ఎవలిది ఆలదే."

తొంభైల చివర్లో ఒక వానాకాలం నాన్నకి లివరు పాడైంది. పెద్దాసుపత్రిలో మంచం దొరికింది గానీ, ఆశ పెట్టుకోవద్దన్నారు. అక్క మంచం పక్కన కూర్చుని ఎప్పుడూ అదే మాట.

"నాన్నా, నమ్ముతన్నానని ఒక్కసారి సెప్పు."

"నువ్వు నమ్మినావు గదే. ఇంటికి ఒకలు సాలరేటి?"

"సాలరు. ఎవలికాలే నమ్మాల."

"ఆ దేవుడు సెకింగు ఆపీసరేటే, మడిసి మడిసికీ టిక్కట్టడగడానికి?"

చూడడానికొచ్చిన బోటు కలాసీ ఒకడు పకపకా నవ్వాడు. "ఒప్పీసుకో బావా. డిసెంబర్లో కేకు పెడతారంట."

నాన్న కూడా నవ్వాడు. అక్క నవ్వలేదు. చనిపోయాక తాను చేరే చోటికి నాన్న రాడని ఆమె భయం. అది మాటవరస భయం కాదు. అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండా లేచిపోయేది.

ఒకరోజు పాస్టరు గారిని తీసుకొచ్చింది. మెత్తటి మనిషి. నాన్న కాళ్ళ దగ్గర నిలబడి ప్రార్థన చేశారు. వరండాలోకి వచ్చాక, ఇప్పుడే బాప్తిస్మం ఇచ్చేయమని అక్క బతిమాలింది.

"మంచం మీదున్న మనిషికి చెంబు నీళ్ళతోనైనా ఇస్తానమ్మా. కానీ నమ్మానని ఆయన తన నోటితో చెప్పాలి. చెప్పిన రోజు కబురు పెట్టు, వెంటనే వస్తాను" అన్నారాయన.

తర్వాత ఒక మధ్యాహ్నం నేను గంజి పట్టుకుని వెళ్ళేసరికి, అక్క అడగకుండానే నాన్న ఆ మాట అన్నాడు.

"నమ్మీసినానమ్మా. మీ పాస్టరు గార్ని రమ్మను. నువ్వింక ఏడవకు. అన్నం తిను."

అక్క గబగబా చెప్పులు వేసుకుంది. వార్డు గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది.

"నాన్నా, నిజంగా నమ్మినావా, నాకోసం అంటన్నావా?"

నాన్నకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "నీకోసం కాపోతే ఇంకెవలి కోసమే?" అన్నాడు.

అక్క చెప్పులు విడిచి కూర్చుంది. నేను వెళ్ళి పిలుస్తానన్నాను. పాస్టరు గారు అడిగింది నోటిమాటే, అది వచ్చింది గదా అన్నాను.

"పాస్టరు గార్ని నమ్మించొచ్చురా తమ్ముడూ. పైనున్నోడికి తెలీదేటి?"

ఆ వారం దాటకుండా నాన్న పోయాడు. మా కులం ఆచారం ప్రకారమే సాగనంపాం. ఆ తర్వాత నేను గ్రంథాలయంలో చాలా వెతికాను. కూతురి ఏడుపు ఆపడానికి 'నమ్మాను' అన్న మనిషి సంగతి నేను చదివిన ఏ పండితుడూ ఎత్తలేదు.

కొన్నేళ్ళకి ఒక వాన రోజు అక్కని ప్రార్థనకి దింపడానికి వెళ్ళి, వాన తగ్గక నేనూ షెడ్డులో వెనక కూర్చున్నాను. రక్షణ పొందవలసిన తమవాళ్ళ కోసం ప్రార్థన కావాలంటే లేచి చెప్పమన్నారు పాస్టరు గారు. ఒకామె తాగుబోతు భర్త కోసం అడిగింది. ఇంకొకామె స్టీల్ ప్లాంటులో పనిచేసే కొడుకు కోసం. అక్క లేచింది.

"మా నాన్న కోసం" అంది.

నాన్న పోయిన సంగతి అక్కడ అందరికీ తెలుసు. పోయినవాళ్ళ కోసం ప్రార్థించడం వాళ్ళ బోధలో లేదు. ప్రాణముండగానే ఎవరికి వారు తేల్చుకోవాలి.

"కూర్చో తల్లీ" అన్నారు పాస్టరు గారు, నెమ్మదిగా.

అక్క కూర్చోలేదు. ఆయన కళ్ళు మూసుకుని ఆ భర్త కోసం, ఆ కొడుకు కోసం ప్రార్థన మొదలుపెట్టారు. అది ముగిసేదాకా ఆమె అలాగే నిలబడి ఉంది.